చిలుము

శనివారం సంత. డీల్ ఊళ్లో కారు పార్కు.
సముద్రపు గాలికి గుడారాల అంచులు చప్పట్లు కొడుతున్నాయి.
హాగ్‌బెన్ బల్ల మీద
పింగాణీ కుక్కలకీ తుప్పు తాళాలకీ మధ్య
సన్న గొలుసుకు ఒక రాగి బిళ్ల.
"విక్టోరియా రాణి కాలంది, నలభై రెండు పౌండ్లు" అన్నాడు,
నా ముఖం కాక నా బూట్లు చూసి.

నేను పళ్ల డాక్టర్ని.
కూరగాయలకి వచ్చినా సరే
సంచీలో భూతద్దం ఉంటుంది.

ముందు నాణెం చూశాను.
ఒక పక్క డాలు, పట్టుకుని రెండు సింహాలు, 1808.
తిప్పితే ఫారసీ రాత, ఇంగ్లీషులో "ఇరవై క్యాష్".
క్యాష్ ఏమిటి, కాసే కదా!
వాళ్ల నోట్లో పడి అలా నలిగింది.
మద్రాసు కోసం బర్మింగ్‌హామ్‌లో అచ్చు కొట్టిన కాసు.
మా వాళ్లు ఉప్పు కొనుక్కోడానికి పోసిన రాగి,
మా అక్షరం ఒక్కటీ లేకుండా.

తర్వాత అరుగుదల.
చేతులు మారిన నాణేనికి ముందుగా ఎత్తులు పోతాయి,
సింహం ముక్కు, జూలు, డాలు అంచు,
నిద్రలో పళ్లు కొరికేవాళ్ల దంతాల్లా నున్నగా.
దీనికి ముక్కుంది. జూలుంది.
పోయింది అడ్డదిడ్డంగా, గుంటలు గుంటలుగా,
రోజంతా నిమ్మకాయ చప్పరించే మనిషి పళ్లలా.
వేళ్లు అరగదీసింది కాదిది. ఏదో తిన్నది.
టంకం పక్కన, గుంటలో, ఒక ఇసుక రేణువు.

"సముద్రంలోంచి వచ్చింది" అన్నాను.
ఈ ఒడ్డుకు ఎదురుగానే, అలల అవతల, ఇసుక తిన్నెలు.
అక్కడే మునిగింది ఓడ, పీపాల నిండా కాసులతో.
పైకి తీసేసరికి నేను పుట్టానో లేదో.
నూట డెబ్బై అయిదేళ్లు ఇసుక కింద పడుకున్నదానికి
రాణిగారి కాలంలో కొక్కెం ఎవరు పెట్టారండీ?
నాణెం వయసు వేరు. నగ వయసు వేరు.

హాగ్‌బెన్ నవ్వాడు. కింది కోరపన్ను లేదు.
"మా బావమరిది టెరెన్స్ పెట్టాడు, ఎనభై ఆరులో.
వంటింటి బల్ల కాలిన మచ్చ మా చెల్లెలు ఇప్పటికీ చూపిస్తుంది."
రెండు పౌండ్లు తగ్గించాడు,
నిజానికా, బేరానికా, అడగలేదు.

ఇరవై కాసులకు నలభై పౌండ్లు.
కాసుకు రెండేసి.

డబ్బులు లెక్కపెడుతూ చెప్పాడు:
వెనకవైపు రంగులేని గోళ్లరంగు ఒక పూత వెయ్యండి,
మెడ పచ్చబడదు. స్నానానికి తీసెయ్యండి.
తోమకండి, ఏం చేసినా సరే తోమకండి,
మెరిస్తే దాని వయసు పోతుంది.

ఇంటికొచ్చి చింతపండు నానబెట్టాను.
రాగి కనిపిస్తే చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది,
ఎన్ని చెంబులు తోమిందో ఈ చెయ్యి.
పిసికాక గుర్తొచ్చింది.
ఆ పులుసుతో చారు పెట్టేశాను.

బంగారు కాసులపేరైతే
లాకరు, తాళం, బీమా, పెళ్లి ఉంటేనే పగటి వెలుతురు.
దీన్ని వేసుకుని చేపల కొట్టుకి వెళ్లొచ్చాను.
సోమవారం, యూనిఫాం లోపల,
పదకొండు నోళ్ల మీదికి వంగాను.
ఒక్కోసారి ఎముకకి చల్లగా తగిలేది.

సాయంత్రం అద్దంలో
గొంతు గుంట దగ్గర ఆకుపచ్చ వంక.
చిలుము.
గోళ్లరంగు పుయ్యలేదు మరి.

ఉప్పు కొనాల్సిన కాసు
ఉప్పులోనే మునిగి,
ఒక్క గుప్పెడైనా కొనకుండా,
ఇన్నాళ్లకి ఇక్కడ నా చెమటలో తడిసింది.

తడిగుడ్డతో తుడిస్తే సగం వచ్చింది.
మిగతా సగం ఉంచేశాను.